కౌంటీ దాటిన తాతల జాడ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వంశవృక్షాల గురించి అడగమని పోయిన సంచికలో రాస్తే ఇంగ్లండ్‌లో స్థిరపడిన మనవాళ్ల నుంచి, అక్కడి కుటుంబాలతో వియ్యమందినవాళ్ల నుంచి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. అన్నిటిలోనూ దాదాపు ఒకటే ఇబ్బంది. ముత్తాత ఒక కౌంటీలో (మన జిల్లా లాంటిది) పుట్టాడు, ఇంకో కౌంటీలో పోయాడు, మధ్యలో దారి తెగిపోయింది. అందుకే ఈసారి ఆ ప్రశ్నలే తీసుకున్నాను.

ప్రశ్న (లీడ్స్ నుంచి ఒక పాఠకురాలు): మా ఆయన యార్క్‌షైర్ మనిషి. ఆయన తాతగారి తాత 1881 సెన్సస్‌లో బ్రాడ్‌ఫర్డ్‌లో కనిపించాడు. వయసు 49, ఉన్ని మిల్లులో పని, పుట్టిన చోటు దగ్గర 'నార్ఫోక్' అని తప్ప ఇంకేమీ లేదు. వెతికితే 1830ల మొదట్లో నార్ఫోక్‌లో అదే పేరుతో బాప్టిజం అయినవాళ్లు నలుగురు తేలారు. ఆన్‌లైన్‌లో ఎవరో ఆ నలుగురిలో ఒకరిని మా వాళ్ల చెట్టుకి కలిపేసి పెట్టారు. నమ్మొచ్చా?

జవాబు: ఇప్పుడే నమ్మకండమ్మా. పేరు కలిసింది, వయసు కలిసింది, కానీ అతనే ఇతను అని చెప్పే కాగితం ఒక్కటీ ఇంకా మీ చేతిలో లేదు. కౌంటీ దాటిన మనుషుల విషయంలో ఎక్కువ చెట్లు పాడయ్యేది సరిగ్గా ఇక్కడే. ఒకరు తొందరపడి కలుపుతారు, దాన్ని పదిమంది కాపీ కొడతారు, ఆ తర్వాత పదిమంది చెట్లలో ఉంది కాబట్టి నిజమే అయ్యుంటుందని పదకొండో మనిషి అనుకుంటాడు.

ముందు నార్ఫోక్‌ని పక్కన పెట్టి బ్రాడ్‌ఫర్డ్‌లోనే ఉండండి. తెలిసిన చోట నుంచి వెనక్కి నడవాలి, తెలియని చోట నుంచి ముందుకి కాదు. 1881 ఒక్కటే చూసి ఆగిపోయినట్టున్నారు, ఆయన బతికున్న ప్రతి సెన్సస్‌లోనూ ఆయన్ని పట్టుకోండి. 1851 నుంచి పుట్టిన కౌంటీతో పాటు పారిష్, అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊరు, కూడా రాయాలని అడిగారు, కానీ అందరూ అన్నిసార్లూ ఒకేలా చెప్పలేదు. ఒకసారి కౌంటీ పేరు చెప్పి ఊరుకున్న మనిషే పదేళ్ల తర్వాత చిన్న పల్లె పేరు చెప్పి ఉంటాడు. ఇంకోసారి దగ్గర్లోని పెద్ద ఊరి పేరు, నారిచ్ లాంటిది, చెప్పి ఉంటాడు. 1861, 71, 91 అన్నీ చూస్తే ఎక్కడో ఒకచోట ఆ పల్లె పేరు దొరికే అవకాశం బాగా ఉంది.

మీ విషయంలో నాకు అన్నిటికంటే ఆశ పుట్టిస్తున్నది ఆయన వయసు. 1881లో 49 అంటే 1841లో తొమ్మిదేళ్ల పిల్లాడు, 1851లో పంతొమ్మిదేళ్ల కుర్రాడు. కుటుంబమంతా కలిసి వలస వచ్చి ఉంటే ఆ రెండు సెన్సస్‌లలోనూ తల్లిదండ్రుల ఇంట్లోనే ఉంటాడు. 1841లో పుట్టిన ఊరు అడగలేదు, ఉంటున్న కౌంటీలోనే పుట్టారా లేదా అన్నది మాత్రమే అడిగారు, పైగా పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసుని చాలాచోట్ల అయిదేళ్ల లెక్కకి తగ్గించి రాశారు. ఎవరికి ఎవరు ఏమవుతారో కూడా అందులో ఉండదు. 1851లో మాత్రం అన్నీ ఉంటాయి, తల్లిదండ్రులు పుట్టిన పారిష్‌లతో సహా. పిల్లాడి ఊరు దొరక్కపోయినా తండ్రిదీ తల్లిదీ దొరికితే పని సగం అయిపోయినట్టే.

పేరుతో వెతికినా దొరకలేదని అంటారేమో. ఇంటిపేరు వదిలేసి వెతకండి. ఆ కుటుంబంలో ఎవరికీ చదువు రాకపోతే, నార్ఫోక్ యాసలో చెప్పిన పేరుని యార్క్‌షైర్ గుమాస్తా తనకి వినిపించినట్టు రాసుకున్నాడు. ఇవాళ మనం తెరమీద చూసే 1841 నుంచి 1901 దాకా ఉన్న పుస్తకాలు కూడా చాలావరకు ఇంటింటి కాగితాల నుంచి గుమాస్తాలు తిరగరాసుకున్న ప్రతులే. ఆ ప్రతిని చూసి కంప్యూటర్‌లోకి ఎక్కించిన మనిషి ఇంకోసారి తప్పు చదివి ఉండొచ్చు. అందుకని మొదటి పేరు, అటూ ఇటూ రెండేళ్ల వయసు, పుట్టింది నార్ఫోక్, ఉంటున్నది బ్రాడ్‌ఫర్డ్, ఇంతే ఇచ్చి వచ్చిన జాబితా మొత్తం ఓపిగ్గా చదవండి. విసుగ్గానే ఉంటుంది, కానీ ఇంత పని చేసే పద్ధతి ఇంకోటి నాకు తెలీదు.

ఆ తర్వాత పెళ్లి సర్టిఫికెట్. ఇంగ్లండ్, వేల్స్‌లో 1837 జులై నుంచి సివిల్ రిజిస్ట్రేషన్, అంటే పుట్టుక, పెళ్లి, చావులని ప్రభుత్వమే నమోదు చేయడం, ఉంది, కాబట్టి ఆయన పుట్టుక అందులో దొరకదు గానీ పెళ్లి దొరుకుతుంది. పెళ్లి కాగితంలో వరుడి తండ్రి పేరు, తండ్రి చేసే పని రెండూ ఉంటాయి. నలుగురిలో ఎవరన్నది తేల్చడానికి దీనంత బలమైన ఆధారం మొదట్లో ఇంకోటి ఉండదు. కింద సాక్షులుగా సంతకం పెట్టినవాళ్ల పేర్లు కూడా రాసుకోండి, చెల్లెలో బావమరిదో అయ్యుంటారు.

ఇప్పుడు నార్ఫోక్‌కి వెళ్లండి, కానీ మీ తాతని వెతకడానికి కాదు, మిగతా ముగ్గురిని తీసేయడానికి. నలుగురు పిల్లల్లో ఒకడు రెండేళ్లకే పోయి ఉండొచ్చు, ఆ పారిష్ ఖనన రిజిస్టర్ చూస్తే తెలుస్తుంది. ఇంకొకడు 1861లో కూడా అదే ఊళ్లో పొలం పని చేసుకుంటూ పెళ్లాంపిల్లలతో ఉంటే అతను బ్రాడ్‌ఫర్డ్ మనిషి కాదు. మూడోవాడి తండ్రి పేరు పెళ్లి కాగితంతో కలవదు. ఇలా ఒక్కొక్కరినీ ఆధారంతో పక్కకి జరిపితే మిగిలినవాడి మీద నమ్మకం కుదురుతుంది. ఆ చెట్టు పెట్టినవాళ్లు ఈ పని చేశారో లేదో ఒక మెసేజ్ పెట్టి అడగండి, చేసి ఉంటే సంతోషంగా చెబుతారు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఆ నలుగురిలో అసలు మీ మనిషే లేకపోవచ్చు. నార్ఫోక్‌లో వందల పారిష్‌లున్నాయి, అన్ని రిజిస్టర్లూ ఇండెక్స్ కాలేదు, పైగా మెథడిస్టులు లాంటి, ఇంగ్లండ్ అధికారిక చర్చికి బయట ఉన్న సంఘాలవాళ్లు పిల్లల్ని తమ చాపెల్‌లోనే బాప్టిజం చేయించేవాళ్లు. ఆ రిజిస్టర్లు చాలా వరకు ఇప్పుడు లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఆన్‌లైన్‌లోనూ చూడొచ్చు.

వాళ్లు ఎందుకు కదిలారన్నది తెలిస్తే ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది. నారిచ్ ఒకప్పుడు ఉన్ని నేతకి పెట్టింది పేరు, ఆ వ్యాపారం మెల్లమెల్లగా యార్క్‌షైర్ వెస్ట్ రైడింగ్ మిల్లులకి తరలిపోయింది. 1801లో పదమూడు వేల మంది ఉన్న బ్రాడ్‌ఫర్డ్ 1851కి లక్ష దాటింది. ఇంకో సంగతి, 1834లో పూర్ లా అనే పేదల సాయం చట్టం వచ్చాక దక్షిణాన, తూర్పున పని దొరకని కూలీ కుటుంబాలని ఉత్తరాది మిల్లులకి పంపించే ఏర్పాటు పూర్ లా కమిషనర్లే చేశారు. మాంచెస్టర్‌లో ఒక ఏజెంట్‌ని, లీడ్స్‌లో ఒక ఏజెంట్‌ని పెట్టి 1835 నుంచి 1837 దాకా వేల మందిని తరలించారు, ఎక్కువమంది సఫోక్, నార్ఫోక్ వైపు వాళ్లే. రైలు లేని రోజులు, లండన్ దాకా బళ్లమీదో ఓడమీదో వచ్చి అక్కడి నుంచి కాలువ పడవల్లో పిల్లాపాపలతో వెళ్లినవాళ్లున్నారు. 1836లో నాలుగేళ్ల పిల్లాడు మీ తాత. ఆయన ఆ గుంపులో ఉన్నాడని నేను అనడం లేదు, కానీ చూడాల్సిన కాగితాలున్నాయని చెబుతున్నాను. కమిషనర్లకీ, కొన్ని పారిష్‌లని కలిపి పెట్టిన స్థానిక పూర్ లా యూనియన్లకీ మధ్య నడిచిన ఉత్తరాలు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎంహెచ్ 12 అనే వరుసలో యూనియన్ వారీగా ఉన్నాయి, కొన్నిటిలో కుటుంబాల పేర్లు కూడా ఉంటాయి.

ఇలా కదిలినవాళ్లు ఒంటరిగా కదలరు. బ్రాడ్‌ఫర్డ్‌లో ఆ వీధిలో ముందు రెండు పేజీలు, వెనక రెండు పేజీలు చదవండి. నార్ఫోక్‌లో పుట్టినవాళ్లు ఇంకెవరైనా ఉంటే వాళ్ల పల్లె పేరు రాసుకోండి. ఇంట్లో అద్దెకున్న కుర్రాడు, ముసలితనంలో వచ్చి చేరిన అత్తగారు, ఎవరినీ వదలొద్దు. అత్తగారు దొరికితే మీ పంట పండినట్టే, ఆవిడ ఇంటిపేరు, పుట్టిన ఊరు రెండూ ఒకే వరుసలో దొరుకుతాయి.

ప్రశ్న (రెడింగ్ నుంచి ఒక పాఠకుడు): మా అల్లుడి పూర్వీకులు 1790ల నుంచి బర్క్‌షైర్‌లోని ఒకే పారిష్‌లో ఉన్నారు. కానీ మొదటి మనిషి పెళ్లి మాత్రమే రిజిస్టర్‌లో ఉంది, పుట్టుక లేదు. సెన్సస్ కంటే ముందు కాలం. ఇంక దారి మూసుకుపోయినట్టేనా?

జవాబు: లేదు సార్. మీరు చూడాల్సింది పేదల కాగితాలు. ఆ కుటుంబానికి డబ్బు లేకపోవడమే ఇప్పుడు మీకు కలిసొస్తుంది, ఎందుకంటే డబ్బున్నవాడు ఊరు మారితే ఎవరూ అడగలేదు, పేదవాడు మారితే పారిష్ వెంటపడింది.

1662లో వచ్చిన సెటిల్‌మెంట్ చట్టం ప్రకారం ప్రతి మనిషికీ చట్టపరంగా ఒక సొంత పారిష్ ఉండేది. కష్టం వస్తే సాయం చేయాల్సింది ఆ పారిష్ మాత్రమే. కొత్తగా వచ్చినవాడు ఏడాదికి పది పౌండ్ల కంటే తక్కువ అద్దె ఇంట్లో ఉంటే, రేపు తమ మీద భారం పడతాడేమో అన్న అనుమానంతోనే నలభై రోజుల్లోపు వెనక్కి పంపేయొచ్చు. 1795 తర్వాత మాత్రం నిజంగా సాయం అడిగేదాకా పంపకూడదన్నారు, అదీ పెళ్లికాని గర్భిణులకి వర్తించలేదు. పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డకి పుట్టిన పారిషే సొంత పారిష్, కాబట్టి నెలలు నిండిన ఆడవాళ్లని సరిహద్దు దాటించేసిన ఊళ్లున్నాయి. ఆ కాగితాలు చదువుతుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

సొంత పారిష్ మారాలంటే కొన్ని దారులున్నాయి. పెళ్లికాని మనిషి పూర్తి ఏడాది ఒకే యజమాని దగ్గర జీతానికి ఉండటం, పని నేర్చుకోవడానికి అప్రెంటిస్‌గా కుదరడం, పది పౌండ్ల అద్దె కట్టగలగడం, ఆడవాళ్లకైతే పెళ్లి. ఏడాది నిండితే హక్కు వస్తుందని తెలిసి యాభై ఒక్క వారాలకే జీతం కుదుర్చుకున్న రైతులూ ఉన్నారు. ఎవరి సొంత పారిష్ ఏదో తేల్చడానికి ఇద్దరు మేజిస్ట్రేట్లు ఆ మనిషిని పిలిచి ప్రమాణం చేయించి అడిగేవాళ్లు. ఎక్కడ పుట్టావు, నీ తండ్రిది ఏ ఊరు, ఎవరి దగ్గర ఎంతకాలం, ఎంత జీతానికి పనిచేశావు, పెళ్లి ఎక్కడ, పిల్లలెందరు, వాళ్ల వయసులెంత. ఆ వాంగ్మూలాన్ని సెటిల్‌మెంట్ ఎగ్జామినేషన్ అంటారు. ఒక అక్షరం కూడా రాయలేని కూలీ మనిషి జీవితకథ ఒకే కాగితం మీద దొరుకుతుంది. రిజిస్టర్లు ఎన్ని తిరగేసినా రాని సంగతులు అందులో ఉంటాయి.

రెడింగ్‌లోనే కౌంటీ ఆర్కైవ్స్ ఉంది కదా, ఆ పారిష్ ఓవర్సీర్ల (పేదల సాయం చూసుకునేవాళ్లు) కాగితాలు అడగండి. ఎగ్జామినేషన్లు, ఫలానా మనిషి మావాడేనని సొంత పారిష్ ఇచ్చిన సర్టిఫికెట్లు, వెనక్కి పంపేయమన్న రిమూవల్ ఆర్డర్లు, మూడూ చూడాలి. అక్కడ లేకపోతే నిరాశపడొద్దు. ఒక కుటుంబాన్ని వెనక్కి పంపితే రెండు పారిష్‌లూ ఆ ఆర్డర్ ప్రతిని పెట్టుకునేవి, కాబట్టి మీ దగ్గర చెదలు తినేసిన కాగితం పక్క కౌంటీ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉండొచ్చు. రెండు పారిష్‌లూ గొడవపడి కేసు పెట్టుకుని ఉంటే క్వార్టర్ సెషన్స్ కోర్టు పుస్తకాల్లోనూ ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్‌షైర్, విల్ట్‌షైర్, హాంప్‌షైర్ మూడింటి కేటలాగులూ ఆన్‌లైన్‌లో ఇంటిపేరు పెట్టి వెతకండి.

ఇంకొక్కటి, పెళ్లి రిజిస్టర్ చూశారు గానీ బాన్స్ చూశారా? 1754 నుంచి పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో చాటింపు వేయాలి, లేదంటే లైసెన్సు తీసుకోవాలి. వధూవరులది చెరొక పారిష్ అయితే రెండు చోట్లా చాటింపు జరగాలి, వరుడు ఫలానా పారిష్ వాడని అందులో రాస్తారు. పెళ్లి ఎక్కువగా పెళ్లికూతురి ఊళ్లోనే చేసుకునేవాళ్లు కాబట్టి వరుడు ఎక్కణ్ణుంచి వచ్చాడో బాన్స్ పుస్తకంలోనే తేలిపోవచ్చు. ముందు అదే చూడండి, పదినిమిషాల పని.

ప్రశ్న (గుంతకల్లు నుంచి ఒక పాఠకురాలు): మాది ఆంగ్లో ఇండియన్ రైల్వే కుటుంబం. మా అమ్మమ్మ వాళ్ల తాత కార్న్‌వాల్ నుంచి వచ్చాడని ఇంట్లో చెప్పుకుంటారు. అక్కడ ఏ ఊరో ఎవరికీ తెలీదు. ఇక్కడ కూర్చుని కనుక్కోగలనా?

జవాబు: చాలావరకు కనుక్కోగలరు. మీరూ కార్న్‌వాల్ నుంచి కాకుండా ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగిన బాప్టిజాలు, పెళ్లిళ్లు, ఖననాల వివరాలు చర్చిల నుంచి ప్రతులుగా లండన్‌కి వెళ్లేవి. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డ్స్‌లో ఎన్ 2 అనే వరుసలో ఉన్నాయి, చాలావరకు డిజిటల్ అయ్యాయి. ఫిబిస్ అనే సంఘం వాళ్ల డేటాబేస్ ఉచితంగా వెతకొచ్చు. మీ అమ్మమ్మ నుంచి వెనక్కి ఒక్కో తరం బాప్టిజం, పెళ్లి పట్టుకుంటూ వెళ్తే ఆ మొదటి మనిషి పెళ్లి దగ్గరికి వస్తారు. అందులో వయసు, పని, తరచుగా తండ్రి పేరు ఉంటాయి. పుట్టిన ఊరు మాత్రం సాధారణంగా ఉండదు, చాలామంది అక్కడే ఆగిపోతారు.

ఆయన రైల్వేలోకి ఎలా వచ్చాడన్నది తేల్చుకోండి. దక్షిణాదిలో మొదటి రైలు 1856లో రాయపురం నుంచి వాలాజా రోడ్ దాకా నడిచింది. ఆ తర్వాత దశాబ్దాల్లో రైల్వేలో చేరిన ఇంగ్లీషువాళ్లలో సైన్యం నుంచి బయటికొచ్చిన సోల్జర్లు చాలామంది. ఆయన పెళ్లినాటికి, లేదా మొదటి బిడ్డ బాప్టిజం నాటికి పని దగ్గర రెజిమెంట్ పేరు కనిపిస్తే మీకు పెద్ద తలుపు తెరుచుకున్నట్టే. పెన్షన్‌తో విడుదలైన సోల్జర్ల కాగితాలు నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 97 వరుసలో ఉన్నాయి, వాటిలో పుట్టిన పారిష్, దగ్గర్లోని పట్టణం, కౌంటీ, సైన్యంలో చేరకముందు చేసిన పని, మనిషి పోలికలు కూడా ఉంటాయి. ఈస్టిండియా కంపెనీ సొంత యూరోపియన్ దళాల్లో ఉంటే ఆ కాగితాలు విడిగా ఇండియా ఆఫీస్ రికార్డ్స్‌లోనే ఉంటాయి.

కార్న్‌వాల్ అన్నారు కాబట్టి ఇంకో దారి కూడా మనసులో పెట్టుకోండి. 1866లో రాగి ధర పడిపోయాక అక్కడి గనులు వరసగా మూతపడ్డాయి, గని పనివాళ్లు ఆస్ట్రేలియా, అమెరికా, దక్షిణాఫ్రికాలకి వెళ్లిపోయారు. 1880ల నుంచి కోలార్ బంగారు గనులకి కూడా వచ్చారు. కోలార్‌లో పనిచేసి తర్వాత రైల్వేకి మారే వీలుంది, మీ తాతగారి పెద్ద పిల్లల బాప్టిజం ఎక్కడ జరిగిందో చూస్తే తెలిసిపోతుంది. గని పనివాళ్లలో మెథడిస్టులు ఎక్కువ కాబట్టి పారిష్ రిజిస్టర్‌లో పేరు లేకపోతే చాపెల్ రిజిస్టర్లు చూడాలి. రెడ్‌రూత్‌లోని క్రెసెన్ కెర్నో అనే కౌంటీ ఆర్కైవ్స్‌కి ఈమెయిల్ పెట్టినా జవాబిస్తారు.

ఒక ఊరు అనుమానం వచ్చాక, ఆ కుటుంబం అక్కడి సెన్సస్‌లలో ఎలా ఉందో చూడండి. 1851లో ఇంట్లో ఉన్న కొడుకు 1861, 71లలో ఇంగ్లండ్ మొత్తంలో ఎక్కడా కనపడకపోతే, ఖననం కూడా లేకపోతే, ఆ ఖాళీ మీకు అనుకూలమైన సాక్ష్యం. తండ్రిదో పెళ్లికాని మేనత్తదో విల్లు దొరికి అందులో ఇండియాలో ఉన్న కొడుకని రాసి ఉంటే ఇంక అనుమానమే అక్కర్లేదు. 1858 నుంచి విల్లులన్నిటికీ ఒకే జాతీయ ఇండెక్స్ ఉంది. ఇంట్లో చెప్పుకునే 'కార్న్‌వాల్' అన్న మాటని మాత్రం ఆధారం దొరికేదాకా పెన్సిల్‌తోనే రాసుకోండి, పక్కనున్న డెవన్ కూడా అయ్యుండొచ్చు.

ప్రశ్న (మాంచెస్టర్ నుంచి ఒక పాఠకుడు): మా ఆవిడ తరఫు కుటుంబం టోడ్‌మోర్డెన్‌లో ఉండేది. ఒక సెన్సస్‌లో లాంకషైర్ అని, ఇంకోదాంట్లో యార్క్‌షైర్ అని ఉంది. ఎప్పుడు మారారు?

జవాబు: వాళ్లు మారి ఉండకపోవచ్చండి. రెండు కౌంటీల సరిహద్దు అప్పట్లో ఆ ఊరి మధ్య నుంచే పోయేది, 1875లో తెరిచిన టౌన్ హాల్‌ని సరిగ్గా ఆ గీత మీదే కట్టారు. 1888 చట్టంతో ఊరంతా యార్క్‌షైర్ వైపు వచ్చింది. 1974లో మళ్లీ దేశమంతటా గీతలు మారాయి, శాడిల్‌వర్త్ యార్క్‌షైర్ నుంచి గ్రేటర్ మాంచెస్టర్‌లోకి వెళ్లింది, హంటింగ్‌డన్‌షైర్ కేంబ్రిడ్జ్‌షైర్‌లో కలిసిపోయింది. వలస అనుకునే ముందు ఆ ఏడాది మ్యాప్ తీసి చూడండి. కాగితాల కోసం మాత్రం రెండు కౌంటీల ఆర్కైవ్స్‌లోనూ వెతకాలి.

ప్రశ్న (పేరు రాయలేదు): ఇంత తిప్పలు ఎందుకు, డీఎన్ఏ టెస్ట్ చేయిస్తే ఏ కౌంటీయో చెప్పేయదా?

జవాబు: రంగులు వేసిన మ్యాప్ వస్తుంది, కానీ అది అంచనా మాత్రమే. దాన్ని చూసి కౌంటీ తేల్చేయలేం. టెస్ట్‌లో పనికొచ్చేది మీతో డీఎన్ఏ కలిసిన చుట్టాల జాబితా. మూడో తరం కజిన్లలో (ముత్తాత తల్లిదండ్రులు ఒకరే అయినవాళ్లు) పదిమందిలో తొమ్మిది మందితో ఎంతో కొంత కలుస్తుంది, నాలుగో తరానికి వచ్చేసరికి సుమారు సగం మందితోనే. అందుకే ఇంట్లో బతికున్న అందరికంటే పెద్దవాళ్లతో చేయించండి, వాళ్లు ఒక తరం ముందుంటారు కాబట్టి. వాళ్ల ఇష్టం అడిగి, కొత్త చుట్టాలు బయటపడొచ్చన్న సంగతి ముందే చెప్పి చేయించాలి. జాబితాలో మీకు ఏమాత్రం తెలియని ముగ్గురు నలుగురు మనుషులు, వాళ్లలో వాళ్లకీ చుట్టరికం ఉండి, అందరి చెట్లూ ఒకే కౌంటీలో రెండు మూడు పక్కపక్క పారిష్‌ల దగ్గరికి వెళ్తుంటే, ఆ పారిష్‌ల రిజిస్టర్లు ముందు తెరవండి. లీడ్స్ పాఠకురాలికి నేను చెప్పినట్టు ఒక్కొక్కరినీ తీసేసే పని అప్పుడు అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.